నాయిన పేరు మీద

ఆ చలికాలం మా గల్లీలో నాకున్నంత పేరు ఇంకెవరికీ లేదు. రెండువేల ఇరవై దసరా నుంచి మరుసటి జనవరి దాకా, సూరత్ లింబాయత్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ గుమ్మం ముందు నిలబడ్డా ముందు కుర్చీ వేసి, ఆ తర్వాతే ఏం పని మీద వచ్చావని అడిగేవాళ్ళు. ఆ మర్యాద అప్పుడు ఎంత రుచిగా ఉండేదో తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. ఎవరికీ చెప్పకుండా బతికేద్దామనే చూశాను. నా వల్ల కాలేదు.

మెడికల్ కాలేజీవాళ్ళు కొత్త వైరస్ మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళలో ఎంతమందికి అంటుకుంటుంది, వచ్చి తగ్గినవాళ్ళ రక్తంలో దాన్ని తట్టుకునే శక్తి ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఇదీ వాళ్ళకు తెలియాల్సిన సంగతి. అందుకోసం పదిహేను రోజులకొక ఆదివారం అవే ఇళ్ళకు, అవే మనుషుల దగ్గరికి రావాలి. వచ్చినప్పుడల్లా ముక్కులో పుల్ల పెట్టి తీస్తారు. కొన్నిసార్లు రక్తం కూడా తీస్తారు. మా వాళ్ళు మొదట దగ్గరికే రానివ్వలేదు. రక్తం తీసి అమ్ముకుంటారని ఒకరు, పాజిటివ్ అని రాసి ఎత్తుకుపోతారని ఇంకొకరు. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చినవాడు కావాలని డాక్టర్ హేతల్‌బెన్ వెతుకుతుంటే, మగ్గాల కార్ఖానాలో హాజరీ రాసే నన్ను ఎవరో చూపించారు. నేను నూట పన్నెండు మందిని ఒప్పించాను. ఇంటింటికీ పోయి, కూర్చుని, చాయ్ తాగి, "నా మీద భరోసా ఉంటే ఇయ్యి పెద్దమ్మా" అన్నాను. భరోసా ఉంది కాబట్టే ఇచ్చారు.

హాజరీ రాయడం గురించి ఒక మాట చెప్పాలి. సాంచెలని మేం పిలిచే మరమగ్గాల కార్ఖానాల్లో మనిషి రాకపోయినా ఫరవాలేదు గానీ మగ్గం ఆగకూడదు. ఆగితే సేటు దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అందుకని జ్వరమొచ్చినవాడు, ఊరికి పోయినవాడు తనకు బదులు ఒకణ్ణి నిలబెట్టి పోతాడు. వాణ్ణి బద్లీ అంటాం. బద్లీ పన్నెండు గంటలు నడుపుతాడు, రిజిస్టర్‌లో అసలువాడి పేరే పడుతుంది. సేటుకూ తెలుసు, నాకూ తెలుసు, ఎవరూ దాన్ని మోసమనుకోరు. పదిహేనేళ్ళుగా నేను రాసిన రిజిస్టర్లలో ఒక్క గడి కూడా ఖాళీ ఉండదు. హేతల్‌బెన్‌తో మొదటిరోజే గొప్పగా చెప్పాను, "నా గల్లీలో ఒక్క పేరు కూడా ఖాళీ ఉండదు మేడం" అని.

దీపావళికి ముందు ఆదివారం మా బిల్డింగ్ మెట్ల కింద టేబుల్ వేశారు. ఆ రోజు ముక్కు పుల్ల మాత్రమే. పండుగ సరుకు పోవాలని సేటు ఆదివారం కూడా తొమ్మిదింటికి రమ్మన్నాడు. నాయినది పగటి షిఫ్టు. మా నాయిన రాజమౌళికి అప్పటికి అరవై నాలుగేళ్ళు, అయినా ఎనిమిది మగ్గాలు ఒక్కడే చూసుకునేవాడు. తొమ్మిదికి పావుగంట ఉందనగా గబగబా వచ్చి కూర్చున్నాడు. పుల్ల లోపలికి పోయేసరికి ఒక్కసారిగా తుమ్మి తల వెనక్కి లాగాడు. పుల్ల విరిగి కిందపడింది. నాయిన ముక్కు తుడుచుకుంటూ లేచి, పని అయిపోయిందనుకుని కార్ఖానాకు వెళ్ళిపోయాడు.

"ఇది పనికిరాదు. ఆయన్ని మళ్ళీ పిలిపించండి," అన్నాడు శాంపిల్ తీసే అబ్బాయి. ప్లాస్టిక్ సూటులో చెమటకు మునిగిపోయి ఉన్నాడు. కళ్ళద్దాల నిండా ఆవిరి. అందరివీ తీయడం అయ్యాక, ఐస్ డబ్బా మూస్తూ మళ్ళీ అడిగాడు, "రాజమౌళి ఎక్కడ?"

కార్ఖానా పది నిమిషాల దూరం. పోయి పిలుచుకురావచ్చు. లేదంటే ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు. ఒక్కసారి తప్పితే ఏమీ కాదని హేతల్‌బెన్ ముందే చెప్పింది కూడా. నేను వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. అప్పుడే పరుశురాం మెట్లు దిగి పాలకు పోతున్నాడు.

పరుశురాం మా పైఅంతస్తులో మగవాళ్ళ గదిలో ఉండేవాడు. ఊర్లో భార్యాపిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళు ఆరుగురు ఆ గదిలో ఉంటారు. పరిశోధన కుటుంబాల మీదే కాబట్టి ఆ గది లెక్కలో లేదు. యాభై దాటినవాడు, జుట్టు బాగా నెరిసింది, రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఇంకా పడుకోలేదు.

"ఏంది ఉమాకాంతూ, ఎవల కోసం చూస్తున్నవ్?"

"నాయిన సాంచెల మీదికి పోయిండన్నా. పుల్ల సరిగ్గ పడలేదట. మళ్ల గావాలంటున్నరు."

"గంతేనా. నేను కూసుంట తియ్. ఒకని పేరు మీద ఇంకొకడు నడుపుడు మనకు కొత్తనా."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను "రాజమౌళి" అని పిలిచాను. పరుశురాం మూతికి కట్టుకున్న గమ్చా దించి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిరి పట్టిన అద్దాల్లోంచి ఆ అబ్బాయి ముక్కు తప్ప ముఖం చూడలేదు. నేను ఫారం మీద, శాంపిల్ నా ఎదుట తీశారు అన్న చోట, సంతకం పెట్టాను. అంతే. అన్నీ కలిపి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

మంగళవారం మధ్యాహ్నం హేతల్‌బెన్ ఫోన్ చేసింది. ఆమె హిందీలోనే మాట్లాడుతుంది. "ఉమాకాంత్ భాయ్, గాబరా పడొద్దు. నాన్నగారిది పాజిటివ్ వచ్చింది. వైరస్ చాలా ఎక్కువగా ఉంది. సాయంత్రం బండి పంపిస్తాం, పది రోజులు క్వారంటైన్ హాల్లో ఉండాలి. వయసు ఎక్కువ కదా, ఇంట్లో ఉంచడం మంచిది కాదు."

నా కాళ్ళు నన్ను పైఅంతస్తుకు లాక్కుపోయాయి. గదిలో పరుశురాం ఒక్కడే ఉన్నాడు, పరుపు మీద పడుకుని. ఆ పరుపు అతనిదీ, లస్మయ్యదీ. పగలు పరుశురాం పడుకుంటే రాత్రి లస్మయ్య పడుకుంటాడు. లస్మయ్య మా నాయిన పక్క మగ్గాల మీద పనిచేసేవాడు, ముప్ఫై ఏళ్ళ దోస్తు. గడప బయటే నిలబడి సంగతి చెప్పాను.

పరుశురాం లేచి కూర్చున్నాడు. "నాకేం లేదు తమ్మీ. జరంత నోటికి రుచి లేదు గంతే."

"డాక్టరమ్మకు చెప్తనన్నా. నువ్వు పోయి హాల్ల ఉండు పది దినాలు."

"దీపావళి ముందట సాంచెలు ఇడిస్తే మళ్ల దొర్కుతయా? రిపోర్టు మీ నాయిన పేరు మీద ఉన్నది గద. నాయినకు ఏం లేదు, పోయి తిని పండుకొని వస్తడు. నా పేరు దియ్యకు, నీకు దండం పెడ్త." దండం పెట్టిన చేతులు దించి, "నీ నౌకరీ గూడ పోతది సూడు," అన్నాడు.

ఆ చివరి మాట అతను నన్ను బెదిరించడానికి అనలేదు, నా మేలు కోరే అన్నాడు. నాకు మాత్రం అదే సరిపోయింది. మేడం ముఖం, గల్లీలో నా కోసం వేసే కుర్చీలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. "మూతికి గమ్చా కట్టుకో, పరుపు మార్చుకో" అని చెప్పి దిగి వచ్చేశాను. పరుపు మార్చుకోవడానికి ఆ గదిలో ఇంకో పరుపు ఎక్కడుంది?

సాయంత్రం బండి వచ్చింది. నాయిన అడ్డం చెప్పలేదు. రెండు జతల బట్టలు, ఒక చెంబు సంచీలో పెట్టుకున్నాడు. నా కూతురు నవత ఏడుస్తూ పరుగెత్తుకొస్తుంటే రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపాడు.

"నాకు సుస్తీ గిట్ల ఏం లేదు గదరా ఉమా," అన్నాడు బండి ఎక్కుతూ. "అయినా మిషిన్ల వచ్చిందంటే ఉంటది తియ్. లస్మయ్యకు చెప్పు. దినమంత నా పక్కనే ఉంటడు, ఒక్క బీడీ ఇద్దరం తాగినం. జర పైలం జూస్కోమను."

సరే అన్నాను. అప్పుడైనా నోరు తెరిచి ఉంటే పోయేది నా పరువే. బండి మూల తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఏ రోగమూ లేని మనిషిని నిజంగా రోగమున్న నలభై మంది మధ్య పడుకోబెట్టడానికి పంపించానని తెలిసే నిలబడ్డాను. నా భార్య భాగ్యలక్ష్మి వెనక నుంచి, "లోపలికి రా, మామకు ఏం గాదు," అని ధైర్యం చెప్పింది. ఆమెకూ చెప్పలేదు.

మా ఇంట్లో అందరికీ పుల్లలు పెట్టారు. ఎవరికీ లేదు. ఆ పది రోజులూ నేను రోజూ హాలు కిటికీ దగ్గరికి పోయి నాయినను చూసేవాణ్ణి. "అన్నం మంచిగనే పెడుతున్నరు," అనేవాడు. దీపావళి రోజు కిటికీ ఇవతల నిలబడి నేను మాస్కు వెనక ఏడ్చాను. నాయిన అది చూసి నా ప్రేమ అనుకున్నాడు.

పండుగ మర్నాడు లస్మయ్యకు జ్వరం పట్టుకుంది. పరుశురాం అప్పటికే ఊరికి రైలెక్కాడు. నాలుగు రోజులకు లస్మయ్యకు ఊపిరి అందలేదు. అంబులెన్స్ పిలిపించింది నేను, ఆస్పత్రిలో మంచం దొరికేదాకా తిరిగింది నేను. గల్లీ అంతా నన్ను మెచ్చుకుంది. నాయిన హాలు నుంచి ఇంటికి వచ్చిన ఎనిమిదో రోజున లస్మయ్య పోయాడు. ఊరి నుంచి భార్య వెంకటవ్వ వచ్చేలోపే అశ్వనీకుమార్ ఘాట్‌లో కాల్చేశారు. ఆమె సంచీలో అతని బట్టలు సర్దుకుని తిరిగి వెళ్ళిపోయింది.

ఆ రోజు నాయిన అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తూ ఉండిపోయాడు.

"నేనే అంటిచ్చిన లస్మయ్యకు," అన్నాడు.

"ఎవల నుంచి ఎవలకొచ్చిందో ఎవలు చెప్తరు నాయినా."

"ఎవలు చెప్పుడేంది? నాకు ముందుగాల వచ్చింది, తర్వాత ఆయనకొచ్చింది. ఒక్క బీడీ ఇద్దరం తాగినం."

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేరన్న మాట నిజమే. డాక్టర్లూ అదే అంటారు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని నేను డిసెంబరు నెలంతా అన్నం తిన్నాను. నాయిన సరిగ్గా తినలేదు. మగ్గాల మీదికి పోవడం మానేశాడు. తన గ్లాసు, తన కంచం వేరు పెట్టుకున్నాడు. నవతను ఒళ్ళోకి రానివ్వలేదు. వారానికొకసారి వెంకటవ్వకు ఫోన్ చేసేవాడు. మొదటిసారి చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "వెంకటవ్వా, నా రోగమే నీ మొగన్ని తిన్నది. నన్ను ఏమన్న అను," అన్నాడు. ఆమె ఏమందో నాకు వినబడలేదు. చాలాసేపే అంది. నాయిన తల వంచుకుని అంతా విన్నాడు.

ఇటు హేతల్‌బెన్‌కు ఇంకో చిక్కు వచ్చిపడింది. నాయిన రక్తంలో వైరస్‌ను తట్టుకునే శక్తి ఏ మాత్రం కనబడలేదు. మూడుసార్లు చూసినా లేదు. "పుల్ల పరీక్ష తప్పు కావచ్చు గదా మేడం," అని ఆశగా అడిగాను.

"కొంచెం ఉంటే అలా అనుకునేదాన్ని. అంత వైరస్ ఉంటే తప్పు కాదు," అంది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ఒంట్లో అంత వైరస్ ఉంది, జ్వరం లేదు, ఇంట్లో ఎవరికీ అంటలేదు, రక్తంలో గుర్తు కూడా లేదు. ఇలాంటి మనిషిని అర్థం చేసుకుంటే, ఈ రోగం కొందరికి రెండోసారి ఎందుకు వస్తుందో తెలియొచ్చు."

అప్పటి నుంచి ఆమె మా ఇంటికి తనే రావడం మొదలుపెట్టింది. తెల్ల కోటు వేసుకుని మా ఇరుకు గదిలో చాప మీద కూర్చుని నాయినను "కాకా" అని పిలిచేది. ఆమె వచ్చే ఆదివారం నాయిన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చేయి చాపుకుని కూర్చునేవాడు. ముక్కులో పుల్లకు తుమ్మిన మనిషి సూదికి రెప్ప కూడా వేయలేదు. "నా రక్తంల ఏమన్న దొరికితే, లస్మయ్యసొంటోడు ఇంకొకడు బతుకుతడు," అని నాతో అన్నాడొకసారి. నాకు ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది. పారిపోలేదు. నాయిన మాటను హిందీలోకి మార్చి ఆమెకు చెప్పాను. అదే కదా నా ఉద్యోగం.

సంక్రాంతి దాటాక ఒక మంగళవారం ఆమె నన్ను కాలేజీకి పిలిచింది. బల్ల మీద టైపు చేసిన కాగితాలున్నాయి. నాయిన గురించి వేరేగా రాసిందట. దేశంలో మిగతా డాక్టర్లకు పంపుతుందట. పేరు లేదు. అరవై నాలుగేళ్ళ నేత కార్మికుడు అని ఉంది.

"ఇక్కడ నీ సంతకం కావాలి," అంది. "ఆ రోజు పుల్ల తీసినప్పుడు నువ్వు ఎదుట ఉన్నావని."

పెన్ను తీసుకున్నాను. నిజం చెబుతున్నాను, పెట్టేసేవాణ్ణి. ఒకసారి పెట్టిన సంతకమే కదా. ఆమె ఇంతలో కాగితాలు సర్దుతూ మామూలుగా అంది, "పోయినసారి రక్తం కొంచెం ఎక్కువే తీశాను. కాకా తీసుకొమ్మన్నారు. ఇంకా కావాలంటే ఇంకో చేయి కూడా ఉంది అన్నారు."

"మేడం, ఆ రోజు కుర్చీలో కూర్చుంది నాయిన కాదు," అన్నాను.

"మరి ఎవరు?"

"బద్లీ."

ఆమె సూరత్‌లో పుట్టి పెరిగింది. ఆ మాటకు అర్థం అడగలేదు. సర్దుతున్న కాగితాలు పక్కన పెట్టింది. ఆ తర్వాత, "ఇంకా ఎంతమంది?" అంది.

"ఇంకెవరూ లేరు మేడం. మిగతావన్నీ నిజమైనవే. నా బిడ్డ మీద ఒట్టు."

"అయ్యుండొచ్చు. కానీ ఏది నిజమో నాకు చెప్పాల్సింది నీ సంతకమే." లేచి బీరువా తెరిచి మా గల్లీ ఫారాల కట్టలు తీసి బల్ల మీద పెట్టింది. "నీ చేతి మీదుగా వచ్చినవన్నీ తీసేయాలి. నూట పన్నెండు మంది. వాళ్ళ చేతుల్లో నేను సూదులు గుచ్చాను ఉమాకాంత్ భాయ్. వాళ్ళు ఊరికే ఇచ్చారు."

ఆమె కేకలు వేసి ఉంటే బాగుండేది. తిట్లు పడడం నాకు చేతనవుతుంది. ఆమె ఆ కట్టలకు ఒక్కొక్కటిగా తాడు కడుతుంటే, ఏ ఫారం ఏ పెద్దమ్మదో, ఎవరు సూదిని చూడకుండా దేవుడి పేరు తలచుకున్నారో నాకు గుర్తొస్తూనే ఉంది. నా మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఆమె తల ఎత్తలేదు.

ఇంట్లో చెప్పలేదు. బుధవారం చెబుదామనుకున్నాను, శుక్రవారం చెబుదామనుకున్నాను. ఆదివారం వచ్చింది. నాయిన పొద్దున్నే స్నానం చేసి, చొక్కా చేయి మడిచి చాప మీద కూర్చున్నాడు. తొమ్మిదయింది. పదయింది.

"డాక్టరమ్మ ఇంక రాకపాయె. జర ఫోన్ చెయ్యరాదు ఉమా," అన్నాడు.

"రాదు నాయినా."

"ఏమైంది? ఆమెకు పానం మంచిగ లేదా?"

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చునే ధైర్యం లేక. విరిగిన పుల్ల సంగతి, పరుశురాం సంగతి, మేడం కట్టిన కట్టల సంగతి. భాగ్యలక్ష్మి పొయ్యి ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను చెప్పడం అయిపోయాక కూడా నాయిన నా వైపే చూస్తున్నాడు, ఇంకా ఏదో మిగిలి ఉందన్నట్టు.

"అంటే నాకు రోగం రాలే," అన్నాడు.

"రాలే నాయినా."

"నువ్వు నన్ను బండెక్కిచ్చిన దినం నీకు ఎరికేనా?"

"ఎరికే."

"లస్మయ్యకు చెప్పినవా, ఆ పరుపు మీద పండొద్దని?"

నాయిన మడిచిన చొక్కా చేయి కిందికి దించుకున్నాడు. గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. నన్ను కొడతాడేమో అనుకున్నాను. చిన్నప్పుడు ఎప్పుడో తప్ప కొట్టిన మనిషి కాదు, అయినా ఆ క్షణం కొడితే బాగుండుననిపించింది. "కార్ఖాన ఎంత దూరం గదరా," అన్నాడు మెల్లగా. "పిలిస్తే ఉరికొస్తుంటి."

తర్వాత గూట్లో ఉన్న ఫోన్ అందుకున్నాడు. నంబర్ వెతకలేదు, వేళ్ళకు అలవాటైపోయింది. స్పీకర్ పెట్టి నా ముందు పట్టుకున్నాడు. రింగవుతోంది. ఎవరికి చేశాడో అడగనక్కర్లేదు.

"నువ్వే చెప్పరాదు నాయినా," అనేశాను.

అన్నాక నాకే వినబడింది, ఏమన్నానో. భాగ్యలక్ష్మి ముఖం తిప్పుకుంది. నాయిన మాత్రం కోపపడలేదు.

"నీ బదులు నేను ఒకపారి చెప్పిన," అన్నాడు. "ఇగ నువ్వు చెప్పు."

ఫోన్ నా చేతిలో పెట్టాడు. అవతల రింగు ఆగింది. "ఏందన్నా, పొద్దుగాల్నే చేసినవు?" అంది వెంకటవ్వ.

"పెద్దమ్మా," అన్నాను. "నేను ఉమాకాంత్‌ను."